మిషనక్క వేళ్ళు

"మళ్ళీ ఒకసారి కొట్టండక్కా, నేను చూస్తాను," అంటూ నిదానం అనే అమ్మాయి తన లాప్‌టాప్‌ని కౌంటరు మీద కాస్త పక్కకి జరుపుకుంది.

పక్కన కూర్చున్న ఆవిడ డాక్టరు రాసిచ్చిన చీటీని ఎడమచేతి చూపుడువేలి కింద పెట్టుకుని కుడిచెయ్యి కీబోర్డు మీదికి పోనిచ్చింది. ఆ కళ్ళజోళ్ళ షాపులో ఆవిణ్ణి ఓనరు దగ్గర్నుంచి లోపల లెన్సులు కోసే మాస్టరు దాకా అందరూ మిషనక్క అనే పిలుస్తారు. ఎందుకని అడగక్కర్లేదు, ఓ నిమిషం పక్కన నిలబడితే చాలు. కళ్ళు చీటీ మీద, వేళ్ళు అంకెల మీద. స్క్రీన్ వైపు కన్నెత్తి చూడదు. కుడికన్ను పవరు, ఎడమకన్ను పవరు, సిలిండరు, దాని కోణం, రెండు కళ్ళ మధ్య దూరం, అన్నీ టకటకా పడిపోతాయి. పక్క కౌంటరులో పిల్ల ఒక్క ఆర్డరు కొట్టి ఊపిరి పీల్చుకునేలోపు ఈవిడ మూడోదానికి ఫ్రేము వెతుకుతుంటుంది.

అలాంటి మనిషి కొట్టిన ఆర్డర్లే తప్పుతున్నాయి. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు మర్నాడే తిరిగొచ్చి మసగ్గా ఉందంటున్నారు. తీసి మిషన్ మీద కొలిస్తే చీటీలో ఒక పవరు, లెన్సులో ఇంకొక పవరు. కోసిన లెన్సు మళ్ళీ అతికేది కాదు, చెత్తబుట్టలోకే. పక్క కౌంటరు పిల్లకి ఇలా ఒక్కసారీ జరగలేదు. జరిగినవన్నీ మిషనక్కవే. అందులోనూ కొత్తగా వచ్చినవాళ్ళకి కాదు, ఇదివరకు ఈ షాపులోనే జోడు చేయించుకున్న పాతవాళ్ళకే.

ఓనరు ముందు సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీదే ఎగిరాడు. పాపం, ఆ మాట ఒప్పుకోవాలి. ఫోనులో అవతల ఉన్నది సీనియర్. అంటే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుని నడిపే పెద్దమనిషి. "మా ప్రోగ్రాం దానంతటది అంకెలు మార్చదండీ. కావాలంటే మా అమ్మాయిని పంపుతాను, లాగ్ పెట్టి మీ కళ్ళెదుటే చూపిస్తుంది," అన్నాడు. ఆ వచ్చిన అమ్మాయి నిదానం. పని నెమ్మదిగా చేస్తుందని కాదు ఆ పేరు, మాట నెమ్మదిగా వస్తుందని. ఒక్కో మాటా తూకం వేసి పెట్టినట్టు పలుకుతుంది. అందుకే ఆవిడ ఏదైనా అంటే జనం ఇట్టే నమ్మేస్తారు.

లాగ్ అంటే ప్రోగ్రాం తన పని చేసుకుంటూ తనలో తాను చెప్పుకునే మాట. ఇది మొదలైంది, ఇది వచ్చింది, ఇది పోయింది అని స్క్రీన్ కింది సగంలో వరసగా పడుతుంది. నిదానం షాపులో కూర్చునే ఒక కొత్త లైను రాసి పెట్టింది: కౌంటరులో పవరు కొట్టగానే ఆ ఆర్డరుని లాగ్‌లో చూపించు, అని. లైను పడుతుంది, దాని పక్కన చిన్న బాణం ఉంటుంది, బాణం నొక్కితే లోపలి అంకెలన్నీ కనబడతాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

బెంచీ మీద ఒక డ్రైవరు కూర్చుని ఉన్నాడు. పాత కస్టమరే. ఆయన చీటీలో కుడికన్ను మైనస్ రెండున్నర. మిషనక్క ఆయన ఫోన్ నంబరు కొట్టింది, వెంటనే పవరు కొట్టింది, ఎడమకంటికి వెళ్ళింది, కోణం కొట్టింది, ఫ్రేము నంబరు కొట్టింది, ఆర్డరు పంపింది. అప్పటికి ఓనరు వచ్చి నిదానం భుజం వెనక నిలబడ్డాడు. మాస్టరు తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. అందరి చూపూ స్క్రీన్ కింది సగం మీదే.

నిదానం బాణం నొక్కింది. కుడికన్ను మైనస్ ఒకటీ ముప్పావు.

"పాత పవరండీ అది. నా పాత జోడుది," అన్నాడు డ్రైవరు, అడక్కుండానే.

"ఇంకేముంది? పాత కార్డు చూసి కొట్టేస్తోంది," అన్నాడు ఓనరు.

"చీటీ నా వేలి కిందే ఉంది కదండీ," అంది మిషనక్క. "రెండున్నరే కొట్టాను."

నిదానం ఆవిడ వైపు తిరిగి, షాపంతా వినబడేలా, తన తూకం మాటల్లోనే చెప్పింది. "ఈ లైను మీరు కొట్టగానే పడిందక్కా. ప్రోగ్రాం ఇంకా దాన్ని ముట్టుకోలేదు. మీ వేళ్ళ నుంచి వచ్చింది ఇదే."

మిషనక్క కుడిచేతిని ఎత్తి, వేళ్ళు విడదీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ వేళ్ళు తనవేనా అని పోల్చుకుంటున్నట్టు ఉంది ఆ చూపు. తర్వాత ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, పైన ఎడమచెయ్యి కప్పుకుంది.

"ఈ వారం చూస్తాను. ఆ తర్వాత నన్నేమీ అనకు," అన్నాడు ఓనరు మిషనక్కతో. కోపంగా కూడా అనలేదు, అదే ఘోరం. నిదానం లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకుంది. పని చక్కగా అయింది కదా అనుకుంటూనే బయటికి వచ్చింది, కానీ మెట్లు దిగుతుంటే ఎందుకో వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

*

ఆఫీసు ఒక మందుల షాపు పైన, రెండు గదులు. గోడకానుకుని నాలుగు బల్లలు, కిటికీ దగ్గర సీనియర్ బల్ల. ఆ శుక్రవారానికి కళ్ళజోళ్ళ షాపు మిగతా బ్రాంచీలన్నిటిలోనూ ఇదే ప్రోగ్రాం పెట్టాలి. అందుకని ఎవరి చెవిలో వాళ్ళు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తలొంచుకుని ఉన్నారు.

ఆ ఆఫీసులో అందరికీ కలిపి ఒక్క అత్తగారు ఉంది. మనిషి కాదు, లింట్ అని ఒక ప్రోగ్రాం. రాసిన కోడ్ నడవకముందే లైను లైనూ చదివి, ఇక్కడ ఇది తప్పు, అక్కడ అది బాగాలేదు అని చెప్పడమే దాని పని. ఏం రాసినా ఒక వంక పెడుతుంది కనక ఎవరో ఎప్పుడో అత్తగారన్నారు, అదే స్థిరపడిపోయింది. "మా అత్తగారు ఒప్పుకోలేదు" అంటే కోడ్ ఆగిపోయిందని అర్థం. ఈ అత్తగారికి రెండు గొంతులు. ఎర్రగీత గీసిందంటే గుమ్మం దాటనివ్వదు. పసుపు గీత గీసిందంటే ఉత్త గొణుగుడు, వినేవాళ్ళు వింటారు, లేనివాళ్ళు లేదు. ఆ ఆఫీసులో వినేవాళ్ళెవరూ లేరు. ఒక పెద్ద తప్పుని సరిచేసే తొందరలో సీనియర్ ఒకసారి చాలా నియమాల్ని ఎరుపు నుంచి పసుపులోకి మార్చేశాడు. "అత్త లేని కోడలు ఉత్తమురాలు" అని ఆ రోజు ఆయన వేసిన జోకుకి అందరూ నవ్వారు. నిదానమూ నవ్వింది.

షాపుకెళ్ళొచ్చిన రెండు రోజులకి, ఓ ఉదయం నిదానం పని ఒక కొలిక్కి వచ్చింది. బ్రాంచీల కోసం మార్చిన కోడ్‌ని అత్తగారి చేత చదివించి, ఎర్రగీతలు లేవని చూసుకుని, ఇక పంపించడమే తరువాయి. పంపించే ముందు టీ కప్పు అందుకుంది. టీ వేడిగా ఉంది. చల్లారేదాకా చెయ్యడానికేమీ లేక, ఎప్పుడూ గబగబా పైకి తోసేసే పసుపు గీతల్ని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. ఈ పేరు ఎక్కడా వాడలేదు. ఈ ఖాళీ ఎక్కువైంది. ఈ లైను మరీ పొడుగు. చాదస్తం, చాదస్తం, చాదస్తం అనుకుంటూ దిగుతోంది.

"మారుతూ ఉండే విలువని నేరుగా లాగ్ చేస్తున్నారు. తెరిచి చూసేసరికి అది మారిపోయి ఉండవచ్చు. ముందు కాపీ తీసి, ఆ కాపీని లాగ్ చేయండి."

లైను నంబరు చూసింది. తను షాపులో కూర్చుని రాసిన లైనే అది.

టీ కప్పు కింద పెట్టేసింది. ఆ పసుపు గీత ఆ రోజు షాపులోనూ పడింది. తను రాస్తుండగానే అక్షరాల కింద వంకరగా వచ్చి నిలబడింది. చూసింది కూడా. చూసి, మిషనక్క వైపు తిరిగి కొట్టండక్కా అంది.

ఇలాంటివి ఒకరు చెప్తే నమ్మే విషయాలు కావు, చేసి చూసుకోవాలి. నిదానం తన దగ్గర డ్రైవరులాంటి ఒక ఉత్తుత్తి కస్టమరుని తయారుచేసింది. పాత కార్డులో, అంటే ఫోన్ నంబరు కొడితే వచ్చే పాత వివరాల్లో, ఒకటీ ముప్పావు రాసింది. ఆఫీసులో నెట్ వేగం ఎక్కువ, షాపులో అది పాకుతుంది. కాబట్టి కావాలనే నెట్‌ని బాగా నెమ్మదించేలా చేసి, ఫోన్ నంబరు కొట్టి, మిషనక్కలా వెంటనే రెండున్నర కొట్టింది. ఆవిడంత వేగం తన వేళ్ళకి రాలేదు, రెండుసార్లు తడబడింది. మూడోసారికి కుదిరింది. లాగ్‌లో లైను పడింది. పడగానే బాణం నొక్కింది. రెండున్నరే ఉంది. మళ్ళీ మొదట్నుంచీ చేసి, ఈసారి నొక్కకుండా చేతులు కట్టుకుని కూర్చుంది. పైసగంలో, నింపేసిన ఫారంలో, రెండున్నర ఉన్నట్టుండి ఒకటీ ముప్పావు అయింది. నింపాదిగా అప్పుడొచ్చింది పాత కార్డు సర్వర్ నుంచి. వచ్చి, అక్కడ అప్పటికే మనిషి కొట్టిన అంకె ఉందా లేదా అని కూడా చూడకుండా దాని మీద కూర్చుంది. ఇప్పుడు బాణం నొక్కింది. లాగ్ కూడా ఒకటీ ముప్పావే అంటోంది. ఎప్పుడో ముందే పడిన లైను, అంతా అయిపోయాక వచ్చిన అంకెని, మొదట్నుంచీ అదే ఉన్నట్టు చూపిస్తోంది.

ఫోటో తీశాననుకుంది తను. తీసింది ఫోటో కాదు, అద్దం పెట్టింది. ఎప్పుడు చూస్తే అప్పటి మొహమే కనబడుతుంది అందులో.

పక్క కౌంటరు పిల్ల ఎందుకు తప్పలేదో ఇప్పుడు అర్థమైంది. ఆ పిల్ల ఫోన్ నంబరు కొట్టి, జుట్టు సర్దుకుని, స్క్రీన్ చూసి, అప్పుడు మొదలుపెడుతుంది. ఆలోపు పాత కార్డు వచ్చేసి ఉంటుంది, దాని మీద కొత్త అంకె కొడుతుంది. మిషనక్క పాత కార్డు కన్నా ముందే పరిగెత్తేది. పని బాగా రావడమే ఆవిడ చేసిన తప్పు.

"సీనియర్ గారూ, ఒకసారి ఇలా రండి," అంది.

*

సీనియర్ చూశాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ చూశాడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"హారి దీని దుంపతెగ," అన్నాడు. "ఎన్ని లాగులు చూసి ఎన్ని తీర్పులిచ్చి ఉంటాం మనం."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంకో రకంగా ఉండేది. పాత కార్డు తప్పుని ఆయనే కూర్చుని దిద్దాడు. మనిషి ఒకసారి ముట్టుకున్న గడి మీద ప్రోగ్రాం మళ్ళీ రాయకూడదు, అంతే. చిన్న పని. నిదానం అత్తగారి నియమాల ఫైలు తెరిచి ఆ ఒక్క నియమాన్ని పసుపు నుంచి ఎరుపుకి మార్చింది. మార్చగానే గదిలో నలుగురి స్క్రీన్లూ ఒక్కసారి ఎర్రబడ్డాయి. ఇయర్‌ఫోన్లు ఊడాయి.

"అత్తగారికి ఏమైందివాళ?" అన్నారెవరో.

"పాపం ఎప్పట్నుంచో చెప్తూనే ఉంది, మనమే వినలేదు," అంది నిదానం.

ఎక్కడెక్కడో ఎవరెవరో రాసిన లాగ్ లైన్లన్నీ బయటపడ్డాయి. ఒక్కోదాన్నీ తెరిచి, ముందు కాపీ తీసి, కాపీనే లాగ్‌లోకి పంపేలా మార్చుకుంటూ పోవాలి. సీనియర్ తల పట్టుకున్నాడు. శుక్రవారానికి తెమిలే పని కాదది. అయినా ఎరుపు తీసెయ్యమనలేదు. అక్కడి దాకా బాగానే ఉంది.

"సరే, షాపాయనకి ఫోన్ చేద్దామా?" అంది నిదానం.

సీనియర్ లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. "చేసి ఏమంటాం? తప్పు మాది, పైగా మా అమ్మాయొచ్చి మీ మనిషి మీద పెట్టేసి పోయిందనా? రేపు మిగతా బ్రాంచీలు మనకిస్తాడా? తప్పు దిద్దేశాం కదా. కొత్తది పెట్టాక ఒక్క లెన్సు కూడా తప్పదు. ఆవిడే జాగ్రత్త పడిందనుకుంటారు. కొన్నాళ్ళకి అంతా సర్దుకుంటుంది. పామూ చావదు, కర్రా విరగదు."

"అప్పటిదాకా ఆవిణ్ణి ఉంచుతాడా? ఈ వారం చూస్తానన్నాడు."

"ఉంచుతాడులే. అంత పనిమంతురాల్ని ఎవరొదులుకుంటారు?"

"మరి ఆవిడ మీద పడ్డ మాట?"

సీనియర్ కిటికీ ఊచల మీద దుమ్ము వేలితో తుడిచి చూసుకున్నాడు. "నువ్వెళ్ళి చెప్తానంటే నేను గుమ్మానికి అడ్డం పడుకోను. కానీ ఆయన నాకు ఫోన్ చేసి అడిగితే మాత్రం ఏం చెప్తానో నాకే తెలీదు. ముందే చెప్తున్నా."

సాయంత్రం ఇంట్లో అసలు అత్తగారు దండెం మీద బట్టలు తీసి మడతలు పెడుతోంది. నిదానం ఎదురుగా కూర్చుని తువ్వాళ్ళు అందిస్తూ జరిగింది చెప్పింది. లాగులూ బాణాలూ పెద్దావిడకి ఏం అర్థమవుతాయిలే అనుకుంటూనే చెప్పింది. ఆవిడ మధ్యలో ఒక్కమాట అడగలేదు. ఆఖరి చొక్కా కాలరు సరిచేసి పైన పెట్టాక, "తప్పు నీదా, యంత్రానిదా?" అంది.

"ఇద్దరిదీ అత్తయ్యా."

"యంత్రానికి కాళ్ళు లేవు. నీకున్నాయి కదా, పొద్దున్నే వెళ్ళిరా," అని బట్టల దొంతి ఎత్తుకుని లోపలికెళ్ళిపోయింది.

*

పొద్దున్న షాపు తీసిన కాసేపటికే నిదానం వెళ్ళింది. రెండు కౌంటర్లలో ఒకటి ఖాళీ. రెండోదాంట్లో పిల్ల తలెత్తకుండా ఫోన్ నంబరు కొడుతోంది. ముందు బెంచీ నిండా జనం, నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. ఓనరు ఎవరికో ఫ్రేములు చూపిస్తున్నాడు. మిషనక్క కనబడలేదు.

తీసేశారా?

"లోపలుందండీ," అన్నాడు మాస్టరు, నిదానం చూపు వెతుకుతున్నది పట్టేసి.

కటింగ్ మిషన్ దాటితే వెనక ఒక చిన్న గది. అట్టపెట్టెల మధ్య స్టూలు మీద మిషనక్క కూర్చుని, తయారైన కళ్ళజోళ్ళని మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాల్లో పెడుతోంది. ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తి, ఇటూ అటూ చూసి, మళ్ళీ తుడిచి పెడుతోంది. మిషన్ అనే పేరు తెచ్చుకున్న మనిషి ఇలా నెమ్మదిగా కదులుతుంటే నిదానానికి చూడబుద్ధి కాలేదు.

"మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టారా అక్కా?"

"ఎవరూ కూర్చోబెట్టలేదమ్మా. నేనే అడిగాను. నా వల్ల కావట్లేదు సార్, తప్పు నాదే, లోపల ఏదైనా పని చూపించండని. మంచాయన, సరేనన్నాడు."

"తప్పు మీది కాదక్కా."

మిషనక్క నవ్వింది. పిల్లలు ఓదారుస్తుంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. "నువ్వు మంచిదానివి, అందుకని వచ్చావు. పోనీలే అమ్మా, నాకు తెలిసిపోయింది. ఇంట్లో బల్లంచు మీద కొట్టి చూసుకుంటున్నాను. రెండున్నర అని పైకి అనుకుంటూ కొడతాను. ఏం కొట్టానో మరుక్షణం గుర్తుండట్లేదు. కళ్ళు పోయాయేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. కళ్ళు బంగారంలా ఉన్నాయన్నాడు. అయితే పోయింది బుర్రేనన్నమాట."

"మీ బుర్రకేం కాలేదు. మా ప్రోగ్రామే మీ అంకె తీసేసి పాతది పెడుతోంది. నేనే చూసుకోలేదు."

"నువ్వే చూపించావు కదా? నేను కొట్టగానే పడిందన్నావు. దానికి నా మీద పగేమన్నా ఉందా?"

ఇది నిదానం అనుకోని ఇబ్బంది. దారిపొడవునా తిట్లకి సిద్ధపడి వచ్చింది. ఆవిడ తన తరఫున తనే వాదించుకోకుండా, తనకి ఎదురు సాక్ష్యం చెప్పినదాని తరఫున వాదిస్తోంది. నిదానం లాప్‌టాప్ తీసి అట్టపెట్టె మీద పెట్టింది.

"ఒక్కసారి కొట్టండి. ఈసారి కింద కాదు, పైన చూడండి. వేళ్ళు తీసేశాక కూడా చూస్తూ ఉండండి."

నిన్న దిద్దింది కాదు, దిద్దకముందు ఉన్న ప్రోగ్రామే తెరిచింది. నెట్ షాపుదే. మిషనక్క గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, ఇష్టం లేనట్టే చెయ్యి చాపింది. ఫోన్ నంబరు, రెండున్నర. కొట్టి, చేతులు పైకెత్తేసింది, ఇంక నేను ముట్టుకోవట్లేదు చూడండి అన్నట్టు. ఇద్దరూ చూస్తున్నారు. రెండున్నర అలాగే ఉంది. అలాగే ఉంది. మార్పు వచ్చేసరికి మిషనక్క స్టూలు మీంచి లేచి నిలబడింది.

"అదేంటి!"

"అదేనక్కా."

"నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదు."

"మళ్ళీ చెయ్యి." మళ్ళీ చేసింది. మళ్ళీ అలాగే మారింది. ఇంకోసారి చేసింది. నాలుగోసారి నిదానం బాణం నొక్కి, లాగ్ ఎలా అబద్ధం చెప్పిందో చూపించింది. ఇప్పుడు ఆ లైనునే కాపీ తీసి రాసేలా మార్చామనీ, కొత్త లాగ్‌లో రెండున్నర రెండున్నరగానే ఉంటుందనీ, ఇక మీదట ఆఫీసులో ఎవరైనా పాత పద్ధతిలో రాస్తే రాసినప్పుడే ఆగిపోతుందనీ చెప్పింది. మిషనక్క అవన్నీ వింటున్నట్టు లేదు. మొహం ముందు తెల్లబోయింది, తర్వాత నెమ్మదిగా ఎర్రబడింది.

"మీకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను అక్కా. నన్ను..."

"ఇక్కడా?" అంది మిషనక్క. "అట్టపెట్టెలకి చెప్తావా? ఆ రోజు అనడానికి నడిషాపు కావాల్సొచ్చింది. దిద్దుకోడానికి కొట్టుగది సరిపోతుందా?"

గుడ్డ పెట్టె మీదికి విసిరి ముందుకి నడిచింది. నిదానం లాప్‌టాప్ రెండు చేతులా పట్టుకుని వెనకే వెళ్ళింది. మాస్టరు కటింగ్ మిషన్ ఆపేశాడు.

ముందు గదిలో జనం ఇందాకటికన్నా పెరిగారు. నిదానం ఓనరు ఎదురుగా నిలబడి, "సార్, మీకొక విషయం చెప్పాలి," అంది. ఆయన ఆవిడ మొహమూ, వెనకున్న మిషనక్క మొహమూ చూసి, "లోపలికి పదండి, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు.

"లోపల మాట్లాడేశామండీ. ఇక్కడే," అంది మిషనక్క.

నిదానం చెప్పింది. "లెన్సులు తప్పడానికి కారణం మా ప్రోగ్రాం సార్. అక్క ప్రతిసారీ చీటీలో ఉన్నదే కొట్టింది. ఆవిడ వేగంగా కొడుతుంది, మా పాత కార్డు ఆలస్యంగా వచ్చి దాని మీద పడుతుంది. ఆవేళ నేను చూపించిన లాగ్ కూడా తప్పే. అలా రాయొద్దని మాకు ముందే హెచ్చరిక వచ్చింది, నేను పట్టించుకోలేదు. పట్టించుకోకుండా ఇంతమంది ముందు ఆవిడ వేళ్ళదే తప్పన్నాను."

బెంచీ మీద ఎవరో చప్పరించారు. ఓనరు ఫోను తీసి సీనియర్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు.

"మీ అమ్మాయి వచ్చింది. తప్పు మీ సాఫ్ట్‌వేర్‌దే అంటోంది. నిజమా?"

అవతల నుంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నిదానం నేల చూస్తూ నిలబడింది. నాకు తెలీదంటాడు, అంటే తను ఇక ఆ ఆఫీసులో కూర్చోలేదు, ఈవిడ ఈ కౌంటరులో కూర్చోలేదు.

"నిజమండీ," అన్నాడు సీనియర్. "ఆ అమ్మాయి చెప్పినదంతా నిజం. శుక్రవారానికి బ్రాంచీలు ఇవ్వలేం. అలాంటి లైన్లు ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ దిద్దాకే ఇస్తాం. మీరు వద్దనుకుంటే మీ ఇష్టం."

"ఆ మాట తర్వాత చూద్దాం," అని ఓనరు ఫోను పెట్టేశాడు. ఫ్రేముల ట్రే సర్దాడు. సర్దిందే మళ్ళీ సర్దాడు. "ఏదో జరిగిపోయింది," అన్నాడు మిషనక్కతో. "మెషీన్ చూపిస్తుంటే నమ్మక ఏం చేస్తాను చెప్పు? మనసులో పెట్టుకోకు. వెళ్ళి నీ సీట్లో కూర్చో."

మిషనక్క కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి కానీ తుడుచుకోలేదు.

"మీరు నమ్మలేదని నాకు అంత బాధ లేదండీ. మీరు ఓనరు, మీ లెన్సులు పోతున్నాయి. ఈ అమ్మాయిదీ తప్పనను, తనకి కనబడింది తను చెప్పింది. కానీ నేను కొట్టానని నాకు తెలుసు. తెలిసి కూడా, మీ అందరూ కలిసి ఒక్కమాట అనేసరికి, నన్ను నేనే నమ్మకుండా పోయాను. ఇంటికెళ్ళి నా వేళ్ళని నేనే తిట్టుకున్నాను. అది ఎవరు దిద్దుతారు?"

నిదానానికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. బెంచీ చివర కూర్చున్న ఒక ముసలాయన, ఇందాకట్నుంచీ తన వంతు కోసం చూస్తున్నాయన, లేచి వచ్చి చీటీ మిషనక్క ముందు చాపాడు.

"నాది నువ్వే కొట్టమ్మా," అన్నాడు. "ఎంతసేపైనా పర్లేదు."

మిషనక్క చీటీ అందుకుంది.